నెత్తురులో పాలు పొంగిన శనివారం

ముందే ఒక మాట. ఇది చదివాక ఎల్లారెడ్డి బస్టాండులో నేను ఎదురైతే దయచేసి నవ్వకండి. నన్ను చూసి నవ్వేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు, కొత్తవాళ్లకు చోటు లేదు. చక్కెర పొంగలి వల్ల ఒక మనిషి ఒక పూట మహాత్ముడై, మరో పూట నవ్వులపాలై, ఆ రెండింటి మధ్య సొంత అత్తమ్మ జీవితకాలపు కోరికను గంగలో కలపబోవడం మీరు ఎక్కడైనా విన్నారా? వినలేదు కదా. అయితే కూర్చోండి, చెబుతాను.

కొన్నేళ్ల కిందటి సంగతి. ఎల్లారెడ్డిలో నాకు చిన్న బట్టల దుకాణం. అది పొట్టకోసం. ప్రాణం మాత్రం మా గుడి భజన మండలి. చిన్నప్పటినుంచి పురాణాలు వింటూ, చదువుతూ, చెబుతూ పెరిగినవాణ్ణి. శనివారం భజన అయ్యాక నాలుగు మంచి మాటలు చెప్పే బాధ్యత నాదే. ఆ నాలుగు మాటలు ఎంతసేపు సాగేవంటే, మైకు తనంతట తానే కీచుమని అరిచి ఇక చాలించమనేది.

ఆ ఏడు మా మండలి మంచుకొండల మీది క్షేత్రానికి యాత్ర తలపెట్టింది. అక్కడ గాలి పలచన, నడక ఎక్కువ. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. వచ్చేవాళ్లంతా రక్తం, గుండె చూపించుకుని డాక్టరు సంతకం తేవాలి. పెద్దవాళ్లకు తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషికీ సంతకం ఉండాలి. ఈ నియమాన్ని పట్టుబట్టి పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే.

మా అత్తమ్మ లచ్చవ్వ మా ఇంట్లోనే ఉంటుంది. వయసంతా బీడీలు చుట్టింది. చేతులు ఆకు చుడుతుంటే నోరు ఆ కొండమీది దేవుడి పాట పాడుతూ ఉండేది. ఆ దేవుణ్ణి ఒక్కసారి కళ్లారా చూడాలని ఆవిడ కోరిక. నా భార్య సుజాత బడిపంతులమ్మ, యాత్ర నాటికి బడులు తెరుస్తారు కాబట్టి ఆమెకు సెలవు దొరకలేదు. అంటే నాకు సంతకం పడితేనే అత్తమ్మకు కొండ. ఆవిడ అప్పటికే స్వెట్టరు, కోతిటోపీ కొనుక్కుని సంచిలో సర్దుకుంది. అంతటితో ఊరుకుందా? నడివేసవిలో ఆ టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ, "చెవులు మంచిగనే మూస్తున్నది బిడ్డా" అని మాకు చూపించింది.

అత్తమ్మా నేనూ కామారెడ్డి వెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాం. ఆవిడ సొంతూరు మా దగ్గరి పిట్లం. మాటలో మన ఊరి వాసన, చేతిలో ఓపిక. రక్తంలో చక్కెర, కొవ్వు చూడాలంది.

"రాత్రి జల్ది తినున్రి. పొద్దుగాల నెత్తురు ఇచ్చేదాక మంచినీళ్లు తప్ప ఇంకేం ముట్టొద్దు. చాయ్ గూడ వద్దు. యాది మరువకున్రి."

నాకు కొంచెం చిన్నతనమనిపించింది. "డాక్టరమ్మా, నేను ఏకాదశి పూట ఉమ్మి గూడ మింగనోన్ని. నాకు జెప్పాలెనా?" అన్నాను.

అత్తమ్మ మాత్రం బుద్ధిగా తల ఊపింది. ఆ రోజు మా ఇద్దరిలో తెలివిగా ప్రవర్తించింది ఎవరో మీకు చివర్లో తెలుస్తుంది.

శనివారం తెల్లవారింది. సుజాత అలవాటు కొద్దీ చాయ్ తెస్తే, తపస్సు చెడగొట్టడానికి వచ్చిన అప్సరసను చూసినట్టు చూశాను. "తీసుకుపో" అన్నాను. ఆమె తీసుకుపోయి తనే తాగింది. నేను మంచినీళ్లు తాగి, అత్తమ్మను వెంటబెట్టుకుని, బస్సెక్కే ముందు దేవుడికి ఒక దండం పెడదామని గుడికి వెళ్లాను.

అదిగో, అక్కడే ఉంది గుంట.

మండలిలో తాళాలు వాయించే సాయన్న నాకంటే ముందే గుడిలో ఉన్నాడు. సాయన్న మనసు వెన్న. ఆయన ఇంట్లో బర్రె ఉంది కాబట్టి చేతిలో కూడా ఎప్పుడూ వెన్నో నెయ్యో ఉంటుంది. నా పరీక్ష మంచిగా జరగాలని ఆయన ప్రత్యేకంగా పూజ పెట్టించాడు. అయ్యగారు నా గోత్రం, పేరు చెప్పి, "లిపిడ్ ప్రొఫైల్ పరీక్షా విజయ సిద్ధ్యర్థం" అని సంకల్పం చదివారు. దేవుడు కూడా ఒక్క క్షణం ఏమిటది అని చెవి ఒగ్గి ఉంటాడు.

తర్వాత పొంగలి వచ్చింది. మోదుగాకు దొప్ప నిండా పొంగలి, దొప్ప అంచుదాకా నెయ్యి. ఆ నేతిలో జీడిపప్పులు ఎండాకాలం చెరువులో బర్రెల్లాగా ముక్కు మాత్రం బయటపెట్టి మునిగి ఉన్నాయి.

"తీసుకో అన్నా," అన్నాడు సాయన్న. అంతలోనే ఆగాడు. "అవునే, టెస్టుకు ఏం తినొద్దన్నరట గద?"

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నేను శనివారం మాట్లాడేవాణ్ణి. ఆ రోజు శనివారం.

"తినొద్దన్నరు సాయన్నా. ప్రసాదం తింటమానే? స్వీకరిస్తం. అన్నం వేరు, ప్రసాదం వేరు. దేవుడు ఇచ్చింది దేవునికే పోతది."

"గంత నెయ్యి ఉన్నది మరి..."

"హోమంల నెయ్యి పోస్తె ఏమైతది?"

"భగ్గుమంటది."

"మిగుల్తదా?"

"యాడ మిగుల్తదే. బూడిదల గూడ కానరాదు."

"కడుపుల ఉన్నది గూడ అగ్నేనాయె. సాక్షాత్తు భగవంతుడే అగ్గి లెక్క కూసున్నడు లోపట. బస్సు కామారెడ్డి తొవ్వల లింగంపేట దాటేవరకు అంతా సాఫ్!"

సాయన్న కళ్లు చెమర్చాయి. "గిది అన్నా జ్ఞానమంటే!" అని రెండో దొప్ప చేతిలో పెట్టాడు. వద్దంటే ప్రసాదాన్ని కాదన్నట్టు. మూడోది అయ్యగారు స్వయంగా ఇచ్చారు. అయ్యగారిని కాదనే ధైర్యం నాకు లేదు. దొప్ప అడుగున మిగిలిన నేతిని ఏం చేశానని అడగకండి. ప్రసాదం నేలపాలు కాకూడదు కదా.

పక్కనే అత్తమ్మ తన దొప్ప పట్టుకుని నావైపు చూస్తోంది. ఏదో చెప్పబోయి ఆగింది. దొప్పను కళ్లకద్దుకుని, కొంగు సర్దుకుంది. నా ప్రవచనానికి ఆవిడ నోట మాట రాలేదని నేను అనుకున్నాను.

కామారెడ్డి ల్యాబులో జాతరంత జనం. మా వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది. రక్తం తీసే అతను సూది పట్టుకుని అడిగాడు.

"ఏమన్న తిన్నరా సార్?"

"లేదు."

"చాయ్?"

"ముట్టలేదు."

"బిస్కట్ గిట్ల?"

"బాబూ, నియమం తప్పే మనిషి లెక్క కనపడుతున్ననా నీకు?"

నమ్మండి, అబద్ధం చెబుతున్నానన్న అనుమానం నాకు రవ్వంతైనా లేదు. అబద్ధం చెప్పేవాడి ముఖం కొంచెమైనా మాడుతుంది. నా ముఖం నేతిదీపంలా వెలిగిపోతోంది. ఆ నెయ్యి ఎక్కడిదో తర్వాత తెలిసింది.

రక్తాలు ఇచ్చాక అత్తమ్మ, "బస్టాండ్ల కూసుంట బిడ్డా, నువ్వు రా" అని ముందు వెళ్లింది. నేను రశీదు కోసం ఆగాను. అంతలో లోపలినుంచి అతను ఒక గాజు గొట్టం పట్టుకుని వచ్చాడు. గొట్టాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ గొట్టాన్ని చూశాడు.

"సార్, గిది మీదే. మిషిన్ల తిప్పినంక కింద ఎరుపు దిగుతది, పైన తేటగా పసుపు రంగు నీళ్ల లెక్క ఉండాలె. మీది సూడున్రి."

చూశాను. కింద ఎరుపు. పైన తెలుపు. తెలుపంటే అలాంటిలాంటి తెలుపు కాదు, అప్పుడే పిండిన చిక్కటి పాల తెలుపు.

"ఏంది బాబూ ఇది?"

"రిపోర్టు పొద్దుమీకి ఫోనుకు వస్తది సార్. డాక్టరమ్మనే అడుగున్రి."

ఇప్పుడు నేను చేసిన పని వినండి. ఆ గొట్టాన్ని ఫొటో తీసి, "నా రక్తంలో పాలలాగా కనబడుతోంది, ఏమై ఉంటుంది?" అని రాసి పంపించాను. డాక్టరమ్మకు అనుకుంటున్నారా? సాయన్నకు.

సాయన్న ఆలోచించలేదు. మండలి వాట్సాప్‌లో పెట్టేశాడు. కింద ఆయన రాసింది ఇది: "మన అన్న నెత్తురు పాలైంది. చూసి తరించండి."

బస్సు ఎల్లారెడ్డి చేరేసరికి బస్టాండులో తాళాలు మోగుతున్నాయి. పెళ్లి బృందమేమో అనుకున్నాను. నేను మెట్టు దిగగానే టెంకాయ పగిలింది, భుజం మీద శాలువా పడింది.

"గిన్నేండ్ల భజన అన్నా, ఊకె పోతదా!" అన్నాడు సాయన్న శాలువా సర్దుతూ. "మాకందరికి నెత్తురు. నీకు లోపట పాలసముద్రం!"

అక్కడే ఆపాలి. 'కాదు సాయన్నా, ముందు డాక్టరు చెప్పనీ' అనాలి. అనలేదు. ఎందుకనలేదంటే... ఏం చెప్పను, శాలువా చాలా బాగుంది. బట్టల దుకాణంవాణ్ణి, నాకు తెలుసు. పైగా లోలోపల ఒక మూల, 'ఏమో, అయ్యుండవచ్చు కదా' అన్న పురుగు కదిలింది. భక్తుడికి పట్టే పురుగుల్లో అంత తియ్యగా తొలిచేది మరొకటి లేదు.

ఇంటి ముందు చెప్పులు కుప్పపడ్డాయి. పక్క వీధి ఆయన ఒకరు వచ్చి, "అన్నా, మా బర్రె పాలు ఎగవెట్టింది. నీ చెయ్యి ఒక్కసారి పెట్టు" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెళ్లాను. చెయ్యి పెట్టాను. ఆ బర్రె తల తిప్పి నన్ను చూసిన చూపు, ల్యాబులో అతను గొట్టం పట్టుకుని నన్ను చూసిన చూపు అచ్చంగా ఒకటే.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. సుజాత చదివింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"ఇది పాలు కాదు. కొవ్వు. ఉండాల్సినదానికంటె ఎన్నో రెట్లు ఉన్నది. డాక్టరును వెంటనే కలవాలని రాసిన్రు."

తాళాలు ఆగాయి. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. సాయన్న మాత్రం గడప దగ్గర నిలబడి, "దేవుడున్నడన్నా" అని మెల్లగా అని వెళ్లాడు. మధ్యాహ్నం దేవుడు నాలోనే ఉన్నాడన్నాడు, సాయంత్రానికి ఎక్కడో దూరంగా ఉన్నాడన్నట్టు చెప్పాడు.

లోపలి గదిలోకి వెళ్తే అత్తమ్మ మంచం మీద సంచి విప్పింది. స్వెట్టరు మడత పెట్టి, మధ్యలో డాంబరు గోళీలు వేస్తోంది. కోతిటోపీ పక్కన పెట్టి ఉంది.

"ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. పురుగు పట్టకుండ దాస్తున్న."

"యాత్రకు పోవద్దా మరి?"

"కొండ ఏడికి పోతది బిడ్డా. ఆడనే ఉంటది. నువ్వు మంచిగుండాలె. నా బిడ్డ, పిల్లలు..." టోపీని అరచేత్తో ఒకసారి నిమిరింది. "దేవుడు గీడ గూడ ఉన్నడు. గోడకు పటం లేదా ఏంది?"

శాలువా తీసి వంకెకు తగిలించాను. అంత బరువైన బట్ట నా దుకాణంలో కూడా లేదు.

సోమవారం పొద్దున్నే అత్తమ్మా నేనూ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ రిపోర్టు చూసింది, నాడి చూసింది, గుండె విన్నది, పొట్ట నొక్కింది.

"కడుపునొప్పి ఉన్నదా? ఇంట్ల ఎవరికన్న గిట్ల ఉన్నదా?"

"లేదమ్మా."

"రాత్రి దావతు గిట్ల తిన్నరా?"

"రెండు జొన్నరొట్టెలు."

"పొద్దుగాల?"

"మంచినీళ్లు."

"ఇంకేం నోట్ల వడలే?"

"తిన్నదైతే ఏం లేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. పిట్లంవాళ్లకు 'తిన్నదైతే' అన్న మాటలో ఉన్న సందు వెంటనే కనబడుతుంది. "తిననిది ఏమున్నది మరి?"

"ప్రసాదం... స్వీకరించిన."

"ఎంత?"

చేతులతో దొప్ప వెడల్పు చూపించాను. "గిట్లాంటియి మూడు. నెయ్యి సాయన్న బర్రెది."

ఆవిడ నవ్వలేదు, నవ్వును ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. భుజాలు మాత్రం ఆవిడ మాట వినలేదు. కాసేపటికి ఇటు తిరిగి, కళ్లు తుడుచుకుని అడిగింది.

"అన్నా, తిన్న నెయ్యి ఏడికి పోతదనుకున్నరు?"

హోమం సంగతి చెప్పాను. లింగంపేట సంగతి కూడా చెప్పాను. మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

"సరే, నేను చెప్త ఇనున్రి. అన్నం అరిగినంక వచ్చే చక్కెర పేగులకెల్లి సీదా నెత్తుట్ల వడి లివర్ కాడికి పోతది. నెయ్యి గట్ల పోదు. ముందుగాల పిత్తరసం వచ్చి, జిడ్డు గిన్నెకు సబ్బు పెట్టినట్టు, దాన్ని సన్న సన్న బొట్లు చేస్తది. ఇంకో రసం వచ్చి ఆ బొట్లను తుంచుతది. గప్పుడు పేగు గోడ పీల్చుకుంటది. పీల్చుకున్నంక మళ్ల కొవ్వు చేస్తది. ఇగ దాన్ని నెత్తుట్లకు పంపాలె. నెత్తురంటే ఎక్కువ నీళ్లే. నెయ్యి నీళ్లల్ల కలుస్తదా?"

"కలవది."

"మరెట్ల పంపాలె?"

నేను తల గోక్కున్నాను. పక్కనుంచి అత్తమ్మ అంది, "చుట్టాలె."

"ఏమన్నవవ్వా?"

"తంబాకు ఊకె పంపుతమా? చెదిరిపోదా? ఆకుల చుట్టి పంపుతం."

డాక్టరమ్మ బల్ల మీద చరిచింది. "గంతే అవ్వా! లోపట కొవ్వు, మీద మాంసకృత్తుల పొర. బీడీ చుట్టినట్టే. గసుంటి మూటలు లచ్చలకు లచ్చలు. సన్న రక్తనాళాలల్ల అవి పట్టయి. అందుకని పేగులకాడ ఇంకో పక్క కాలువ ఉంటది, మూటలు అండ్ల వడతయి. ఆ కాలువ ఛాతిలకెల్లి మీదికి పోయి, ఎడమ దిక్కు మెడకింద నెత్తుట్ల కలుస్తది. మాది పిట్లం, నిజాంసాగర్ కాలువ సూసుకుంట పెరిగిన. నీళ్లు ఇడిసిన పూటనే అన్ని పొలాలకు అందుతయా? తిన్న మూడు నాలుగు గంటలకు మీ కాలువ నిండుగ పారుతుంటె, సరిగ్గ గప్పుడే సూది గుచ్చిపిచ్చుకున్నరు. పాల లెక్క కనపడక ఏం కనపడతది?"

"తర్వాత ఏమైతదమ్మా?"

"కండలకాడ, గుండెకాడ తూములసుంటియి ఉంటయి. అవి మూట విప్పి కావలసినంత కొవ్వు తీసుకుంటయి, మండించుకుంటయి. మిగిలింది ఒంట్ల కొవ్వు లెక్క జమైతది. సగం ఖాళీ అయిన మూట లివర్‌కు పోతది. పన్నెండు గంటలైతె కాలువ తేటగైతది. అందుకే తినొద్దంటం. దేవుని మీద కోపంతోని కాదు."

నాకు ఒక్కటే దిగులు మిగిలింది. "మరి హోమం, డాక్టరమ్మా?"

"హోమం ఉన్నదన్నా. అగ్గి ఉన్నది. గుండం కడుపుల లేదు, కండలల్ల ఉన్నది. నడిస్తె మండుతది. బస్సుల కూసుంటె లింగంపేట కాదు, ఢిల్లీ దాటినా గట్లనే ఉంటది."

ఆ మాటకు నేను నిజంగానే చేతులు జోడించాను. నవ్వులాటకు కాదు. ఇన్నేళ్లు నా లోపల ఇంత పని జరుగుతుంటే, ఎవరూ చూడని చోట ఒక్కొక్క నేతిబొట్టునూ తుంచి, చుట్టి, మోసుకెళ్లి, ఆకలిగొన్న చోట దించుతుంటే, నేనేమో దాన్ని భగ్గుమని ఒక్క మాటలో తేల్చేశాను. చేసినవాడి పనితనాన్ని తక్కువ చేసింది నా ప్రవచనమే.

"మల్ల వచ్చి ఇయ్యున్రి. ఈపాలి నిజంగ ఏం ముట్టకున్రి. అది సూసినంకనే సంతకం," అంది డాక్టరమ్మ. తర్వాత ఆవిడే అత్తమ్మ రిపోర్టు కూడా తీసి చూసింది. "అవ్వది అన్నీ మంచిగున్నయి."

నేను అత్తమ్మవైపు తిరిగాను. "నువ్వు గూడ గదే పొంగలి తీసుకుంటివి గద?"

"తీసుకున్న. కొంగుల కట్టుకున్న. సూది అయినంక బస్టాండ్ల కూసొని తిన్న."

"మరి నాకు జెప్పొద్దా అత్తమ్మా!"

"అల్లుడు నోట్ల ముద్ద పెట్టుకుంటుంటె తినకు అని ఏ అత్త అంటది బిడ్డా? ఊరు ఏమనుకుంటది?" అని ఆవిడ న్యాయంగా అడిగింది.

ఆ సాయంత్రం సాయన్నకు విషయం చెప్పాను.

"అంటె గది పాలు కాదా?"

"కాదు. నెయ్యి."

"ఎవల నెయ్యి?"

"నీ బర్రెదే."

ఆయన ముఖం విప్పారింది. "మా బర్రె నెయ్యి ల్యాబు మిషిన్ల గూడ కానొచ్చిందన్న మాట! గంత అసలు నెయ్యి అన్నా అది!" అని అప్పటికప్పుడు వాట్సాప్‌లో పెట్టాడు. మా ఊళ్లో ఆ రోజు మహిమ చేతులు మారింది. శాలువా మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన అడగలేదు, కానీ ఇప్పటికీ మా ఇంటికి వస్తే వంకె వైపు చూస్తాడు.

రెండోసారి పరీక్షకు వెళ్లిన పొద్దున, అత్తమ్మ నా ఎదురుగా పీట వేసుకుని కాపలా కూర్చుంది. గుడి దారి తప్పించి వెనక సందులోంచి బస్టాండుకు నడిచాం. అయ్యగారు దూరం నుంచి దొప్ప ఎత్తి పిలిస్తే, పెదవులు బిగించి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. నోరు తెరిస్తే ఏం పడుతుందో అన్న భయంతో "నమస్కారం" కూడా అనలేదు. ఈసారి గొట్టంలో పైభాగం తేటగా, పసుపురంగులో వచ్చింది. ఆ రంగు చూసి నాకు మొదటిసారి నా నెత్తురు మీద గౌరవం కలిగింది.

డాక్టరమ్మ కాగితం చూసింది. "కొంచెం ఎక్కువనే ఉన్నది గని, ఫరవాలేదు. నెయ్యి తగ్గియ్యున్రి, పొద్దుమాపు నడువున్రి. పోయి రాన్రి." అని కలం తీసి సంతకం గీకింది. అత్తమ్మ ఆ సంతకాన్ని కళ్లకద్దుకోవడానికి వంగింది. ఇంటికి పోగానే డాంబరు గోళీలు ఏరి పారేయాలని గొణుక్కుంది.

సంతోషంతో డాక్టరమ్మ సొరుగు లాగి ఒక డబ్బా తీసింది. "నిన్ననే గుడికి పోయొచ్చినం. ఇగోండ్రి అన్నా, లడ్డు ప్రసాదం."

నా చెయ్యి దానంతట అదే చాచుకుంది. లడ్డు అరచేతిలో పడనే లేదు, మధ్యలోనే అత్తమ్మ అందుకుని కొంగులో ముడి వేసేసింది.

"ఆగు బిడ్డా," అంది. "ముందుగాల సంతకం ఆరనీ."

కాబట్టి, మా గుడి గంట సాక్షిగా, సాయన్న బర్రె సాక్షిగా నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సూది గుచ్చించుకునే రోజున ఏ దేవుడి ప్రసాదమైనా, ఏ దొప్పలో వచ్చినా, ముందు కళ్లకద్దుకుంటాను, తర్వాత అత్తమ్మ కొంగుకు అప్పగిస్తాను. అది విప్పే అధికారం ఆవిడదే. ఇక నెయ్యి ఎప్పుడు ఎక్కడికి పోతుందన్న విషయం మీద, లింగంపేట పేరు ఎత్తి, ఈ జన్మలో ప్రవచనం చెప్పను.